అడుగున చిల్లు

మా నాన్న లైట్ల పెట్టె మూత బిగించాక దాన్ని తిరగేసి అడుగున మేకుతో ఒక చిల్లు పెట్టేవాడు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు, మా తమ్ముడు తిమోతికి ఐదు. మూత చుట్టూ రబ్బరు, వైరు దూరేచోట సైకిలు ట్యూబు ముక్క, దాని మీద గ్రీజు, ఇంత చేసి మళ్ళీ చిల్లెందుకని వాడు అడిగాడు. నీళ్ళు ఎలాగూ వస్తాయిరా, బయటి నుంచి రాకపోయినా లోపలి గాలికే చెమట పడుతుంది, వచ్చినవి పోవడానికి దారుండాలి కదా అన్నాడు నాన్న. వాడికా జవాబు నచ్చలేదు. అసలు నీళ్ళే రాకుండా చెయ్యొచ్చుగా అని మూతి ముడుచుకున్నాడు. ముప్పయ్యేళ్ళు పోయాక చేసి చూపించాడు కూడా.

నా పేరు ఎస్తేరు. కొత్తమొగలో నన్ను సీరియల్ సెట్ల ఏలియా కూతురంటేనే గుర్తుపడతారు. మాది ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరున్న ఊరు. క్రిస్మస్ వచ్చిందంటే మా చర్చి గంట గోపురం కొసన తొంభై అడుగుల ఎత్తులో నక్షత్రం వెలగాలి. దాని కింద గోడల నిండా లైట్లు. నాన్న పోయాక పాతికేళ్ళుగా ఆ పని నాదే. ఇప్పటి లైట్లు ఆయన కాలం నాటివి కావు. శనగ గింజంత లైటులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఉంటాయి. ఏది ఎప్పుడు వెలగాలో పెట్టెలోని కంట్రోలర్ చెబుతుంది. ఆ కబురు ఒక పెట్టె నుంచి పక్క పెట్టెకు అందుతూ పోతుంది కాబట్టి, మధ్యలో ఒకటి తడిసి చచ్చిందంటే దాని తర్వాతివన్నీ చీకటే. మా ఉప్పుగాలికి ఇనుమే నెలలో పొట్టు రాలుతుంది, ఇక ఈ సన్నపు వైర్లెంత? పాతికేళ్ళలో నా పెట్టె ఒక్కటి కూడా తడవలేదు. గొప్పలు చెప్పుకుంటున్నానంటారా, చెప్పుకుంటాను. నాకున్న గొప్ప అదొక్కటే.

తిమోతి కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. సెలవులన్నీ మా పాత కొట్టు వెనక గదిలోనే గడిపేవాడు. పోయినేడు ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను పెరట్లోకి పిలిచి, కొయ్యకు చుట్టిన రాగి తీగ కింద నిలబడమన్నాడు. గొట్టంతో నీళ్ళు నా నెత్తి మీదికి కొట్టాడు. కళ్ళు మూసుకుని తిట్టడం మొదలుపెట్టాను. ఒక్క చుక్క తగిలితే ఒట్టు. నీళ్ళు నా తల మీదికి వచ్చి, వంగి, చుట్టూ జారిపోయాయి. ఒకే వైపు అయస్కాంతాలు ఒకదాన్నొకటి తోసుకున్నట్టు, తీగ ప్రతి చుక్కనీ పక్కకి తోస్తుందట. ఆ తీగకు ఎంత విద్యుత్తు ఎప్పుడు పంపాలో చెప్పేది నా లైట్ల కంట్రోలరే. వాడి ముఖం వెలిగిపోయింది. ఆ రోజు కోడి కోసి పులుసు పెట్టాను.

ఈ జూన్‌లో ఆ తీగ గోపురం చుట్టూ ఎక్కింది. ఊరు దానికి తిమోతి గొడుగని పేరు పెట్టింది. చుట్టూ వాన దంచికొడుతుంటే చర్చి ఆవరణ ఎకరం మేర పొడిగా ఉండేది. అంచు వెంట మాత్రం నీళ్ళు తెరలా దిగేవి. పక్క ఊళ్ళ వాళ్ళు ఆటోలు కట్టించుకుని వచ్చి చూసేవారు. పాస్టరు జయశీలంగారి భార్య వానాకాలంలో బిందెతో మొక్కలకు నీళ్ళు పోస్తుంటే అందరం నవ్వుకునేవాళ్ళం. తిమోతి పుస్తకంలో రోజూ అంకెలు రాసుకునేవాడు. క్రిస్మస్ ముందురోజు ఓడరేవుల కంపెనీ వాళ్ళు వచ్చి చూసి, నచ్చితే కొంటారు.

ఇక నా సంగతి. నవంబరులో లైట్లు కడుతూ, మొదటి రెండు పెట్టెలకు అలవాటుగా ట్యూబు చుట్టాను. తిమోతి నవ్వి, ఇంట్లో గొడుగేసుకుంటావేంటక్కా అన్నాడు. ఒళ్ళు మండింది. మండినా, వాడన్నది నిజమే అనిపించింది. సరేలే, ఈ వయసులో ఎవరికి పట్టింది అనుకుని మిగతావన్నీ వట్టి మూతలతో వదిలేశాను. వైరు పైనుంచే దూర్చాను. వైరును కాస్త కిందికి వంచి, చుక్క అక్కడే రాలిపోయేలా చెయ్యడం మా వృత్తిలో ఓనమాలు. అదీ చెయ్యలేదు. అరవై నాలుగు పెట్టెలు రెండు రోజుల్లో కట్టేసి ఇంటికొచ్చి పడుకున్నాను. నాన్న ఉంటే చెవి మెలిపెట్టేవాడు.

అంతకు ముందే, అక్టోబరులో దీనమ్మ పోయింది. మా ఇల్లు చర్చి ప్రహరీకి ఆనుకుని, నైరుతి పక్కనున్న పల్లపు వీధిలో. దీనమ్మది మా ఎదురిల్లు. ఎండు చేపలమ్ముకుని కొడుకు దానియేలును పడవ నడిపే సరంగును చేసిన మనిషి. ఆ వానలో మా వీధిలో ఎన్నడూ లేనంత నీళ్ళొచ్చాయి. మట్టిగోడ నాని, తెల్లవారుజామున ఆమె మంచం మీదికి ఒరిగింది. కాలవ పూడిక తియ్యలేదని పంచాయతీని తిట్టుకున్నాం. మర్నాడు చుట్టూ కుండపోతగా పడుతుంటే చర్చి పెరట్లో సమాధి చేశాం. శవపెట్టె మీద ఒక్క చుక్క పడలేదు. దేవుడే గొడుగు పట్టాడమ్మా అన్నారు పాస్టరుగారు. అందరం ఆమెన్ అన్నాం. నేను కూడా అన్నాను. తర్వాత తలచుకుంటే నాలుక కోసుకోవాలనిపించింది.

మా దగ్గర కొత్త సమాధి మీద వెంటనే సిలువ నాటరు. రెండు మూడు వానలు పడి మట్టి కుంగాలి. కుంగినచోట మళ్ళీ మట్టి పోసి, అప్పుడు నిలబెడతారు. లేకపోతే ఒరిగిపోతుంది. దానియేలు సిమెంటు సిలువ పోయించి గోడకి ఆనించి పెట్టుకున్నాడు. ప్రతి ఆదివారం వచ్చి చూసేవాడు. దిబ్బ పగుళ్ళిచ్చి, పోసింది పోసినట్టే ఉండేది. డిసెంబరు మొదటి ఆదివారం నేను పక్కనే ఉంటే, మా అమ్మ ఇంకా కుంగలేదేంటక్కా అన్నాడు. ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు.

ఆ వారమే వాన వచ్చింది. ఖాళీ రంగు డబ్బాలు తొమ్మిది కడిగి, చర్చి ఆవరణలో మూడు, బజారులో మూడు, మా వీధిలో మూడు పెట్టాను. వాన వెలిశాక స్టీలు స్కేలు పట్టుకుని బయల్దేరాను. ఆవరణలోవి పొడి. బజారులో మూడు అంగుళాలు. మా వీధిలో ఏడు. మూడు డబ్బాలూ ఏడే. డబ్బాలు అక్కడే వదిలేసి తమ్ముడి దగ్గరికి పోయాను.

వాడు స్కేలు వైపు చూశాడు గానీ నా వైపు చూడలేదు. పక్కకి పోయిన నీళ్ళు నాలుగు వైపులా సమంగా పరుచుకుంటాయని లెక్క కట్టాడట. మా దగ్గర వానాకాలం చివర గాలి ఎప్పుడూ ఈశాన్యం నుంచి నైరుతికే. ఆ గాలి నాలుగు వైపుల నీళ్ళనీ ఊడ్చి మా వీధిలో పోస్తోంది. ఒక్క వానతో తేల్చలేమక్కా, ఇరవై నాలుగో తారీఖు దాటనీ, తర్వాత చూద్దాం అన్నాడు. నేను పెంచిన పిల్లాడు వాడు. అమ్మ పోయాక నా చేత్తో అన్నం కలిపి పెట్టాను. వాడి పదేళ్ళ కష్టం ఇంకో రెండు వారాల్లో ఒడ్డెక్కబోతోంది. నోరు మూసుకున్నాను. అది నా రెండో తప్పు.

ఇరవై రెండో తారీఖు పొద్దున తుఫాను దిశ మార్చుకుంది. రేపు పక్క జిల్లాలో తీరం దాటుతుందన్నది ఈ సాయంత్రమే మా మీదికి వస్తోందన్నారు. అప్పటికి మూడు పడవలు సముద్రంలో ఉన్నాయి, పదిహేడు మంది. దానియేలు పడవ వాటిలో ఒకటి. వెనక్కి తిరిగామని, పొద్దుగూకే వేళకి మొగ దగ్గర ఉంటామని ఏడింటికి అతని ఫోను వచ్చింది. ఆ తర్వాత ఫోన్లు కలవలేదు.

మా మొగలో దారికి రెండు పక్కలా ఇసుక దిబ్బలే. లోపలికి రావడానికి మావాళ్ళకు ఒకటే గుర్తు. ఒడ్డునున్న ఐసు ఫ్యాక్టరీ దీపం మీద చర్చి గోపురం కొస, ఈ రోజుల్లో అయితే దాని మీది నక్షత్రం, నిలువుగా వచ్చేలా పడవను పెట్టుకుని, ఆ గీత తప్పకుండా రావాలి. ఏ యంత్రం ఏం చెప్పినా చివరి అర మైలు అలాగే వస్తారు. నేను వాకిట్లో నిలబడి గోపురం వైపు చూశాను. మధ్యలో గొడుగు అంచు నుంచి తెల్లటి నీళ్ళ గోడ దిగుతోంది. అంత ఎత్తు గోపురం, ప్రహరీ పక్క నుంచే కనిపించడం లేదు. ఇక సముద్రం మీదికేం కనిపిస్తుంది? నా కాళ్ళ దగ్గర వీధి నీళ్ళు రెండో మెట్టెక్కాయి.

గొడుగు తీసేస్తే తెర పోతుంది, వీధిలో నీళ్ళు తగ్గుతాయి. కానీ తీసిన అయిదు నిమిషాల్లో నేను వట్టి మూతలతో వదిలేసిన పెట్టెలన్నీ తడిసి, నక్షత్రం ఆరిపోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. సరే, ఆకులైనా పట్టుకోవాలి కదా. పనిముట్ల సంచి భుజాన వేసుకుని బయల్దేరాను.

దానియేలు భార్య సలోమి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో చర్చి వరండాలోనే ఉంది. తిమోతి గొడుగు మీట ఉన్న గదిలో నుంచి బయటికొచ్చాడు. వాళ్ళ ముందే చెప్పాను, దాచలేదు.

"మన వీధిలోకి వచ్చే నీళ్ళు కాలవవి కావే సలోమీ. ఇక్కడ పడాల్సిన వాన ఆ గొడుగు తోసేస్తంటే మన మీద పడతంది. అక్టోబరులోనూ అంతే. మీ అత్త మీద గోడ పడింది దానివల్లే. నాకు ఈ నెల మొదట్లోనే తెలిసింది. చెప్పలేదు."

సలోమి నన్ను చూసింది, తిమోతిని చూసింది. కొట్టినా పడేవాళ్ళమే. వాన హోరులో ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"ముందు ఆయన్ని ఒడ్డుకు రానీండి. ఆ లెక్క తరవాత చూసుకుందాం. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు అక్కా."

తిమోతి గోడకి చేరబడ్డాడు. ఎల్లుండి కంపెనీ వాళ్ళు వచ్చేది గుర్తొచ్చిందో, దీనమ్మ గుర్తొచ్చిందో నాకు తెలియదు. ఏ పెట్టె నుంచి మొదలెడదామక్కా అని మాత్రం అడిగాడు.

అరవై నాలుగూ కాపాడే టైము లేదు. నక్షత్రానికి పనికొచ్చేవి పద్నాలుగు, కింద గది పక్కది మొదలు గోపురం కొస దాకా. మిగతా యాభైకీ కరెంటు కోసి, కబురు వైరు నేరుగా ఈ పద్నాలుగింటికే కలపమని తిమోతికి చెప్పాను. రంగులు మారే ఆటలన్నీ ఆపి, ఎరుపు ఒక్కటే నిలకడగా వెలిగేలా పెట్టమన్నాను. తెలుపు వెలగాలంటే మూడు రంగులూ కరెంటు తాగుతాయి. ఒక్క ఎరుపుకి మూడో వంతు చాలు, ఊరి కరెంటు పోయినా చర్చి జనరేటరులోని డీజిలు తెల్లారేదాకా వస్తుంది.

పెట్టెలు మూయడానికి నా దగ్గరున్నది సిలికాను జిగురు. అది ఆరడానికి ఒక రోజు పడుతుంది. ట్యూబు ముక్కలు నాలుగింటికే వచ్చాయి. తల పట్టుకుని కూర్చుంటే సలోమి, పడవకి పెట్టేది పనికిరాదా అంది. నాకెందుకు తట్టలేదో. పడవ పలకల సందుల్లో మావాళ్ళు దూది కూరి, గుగ్గిలం నూనెలో కాచి పూస్తారు. అది చల్లారితే చాలు బిగుస్తుంది, సముద్రాన్నే ఆపుతుంది. అరగంటలో ఆడవాళ్ళు ముగ్గురూ మోకాటి లోతు నీళ్ళలో నడిచి వెళ్ళి గుగ్గిలం, నూనె డబ్బా, పాత దూది నెత్తిన పెట్టుకొచ్చారు. పాస్టరుగారి భార్య వంటింటి పొయ్యి వెలిగించింది. చర్చి అంతా గుగ్గిలం వాసన నిండిపోయింది.

నేను ఒక్కో పెట్టె విప్పి వైరును పైనుంచి తీసి పక్క నుంచి దూర్చాను. వంపు పెట్టాను. జాయింట్లకు గ్రీజు రాశాను. వెనకే సలోమి వేలు ఓర్చుకోగలిగేంత వేడిగా గుగ్గిలం పూసుకుంటూ వచ్చింది. నిచ్చెన మీద తిమోతి దీపం పట్టుకున్నాడు. గోపురం లోపల మెట్లు సగం దాకానే, ఆ పైన ఇనప నిచ్చెనే. పదో పెట్టె దగ్గర ఎందుకో వెనక్కి చూసి కెవ్వుమన్నంత పని చేశాను. ఎన్నేళ్ళుగానో ఇంట్లోకి నీళ్ళు వచ్చేవాళ్ళకు చిల్లు కనిపిస్తే పూడ్చకుండా ఉండలేరు. నేను అడుగున పెట్టుకుంటూ వచ్చిన చిల్లులన్నీ సలోమి శుభ్రంగా పూడ్చేసింది. కిందికి దిగి మేకుతో మళ్ళీ పొడిచాను. చిల్లుంటే నీళ్ళు రావా అని ఆమె అడిగితే, నాన్న చెప్పిందే చెప్పాను. తిమోతి తల తిప్పుకున్నాడు.

నాలుగున్నరకి పద్నాలుగో పెట్టె అయింది. వీధిలో నీళ్ళు కిటికీల దాకా వచ్చాయని, పిల్లల్ని బడి మేడకెక్కించామని ఎవరో వచ్చి చెప్పారు. గదిలోకి పోయి తిమోతి మీట మీద చెయ్యి పెట్టాడు. పదేళ్ళ కష్టం. ఒక్కసారి నా వైపు చూసి, దించేశాడు.

ఆరు నెలలుగా చుక్క ఎరగని నేల మీద వాన ఒక్కసారిగా విరుచుకుపడింది. తెర లేదు. కింద నుంచి చూస్తే గోపురం కొస దాకా కనిపించింది. నక్షత్రం ఎర్రగా వెలిగింది. సలోమి చేతులు జోడించింది.

ఇరవై నిమిషాలు గడిచాయి. అయిదు కావస్తుండగా నక్షత్రం సగానికి ఆరిపోయింది.

ఎక్కడ చచ్చిందో చీకటే చెబుతుంది. తొమ్మిదో పెట్టె తర్వాతివన్నీ పోయాయి. నేను కదిలేలోపే తిమోతి మేకు, గుడ్డ, గ్రీజు డబ్బా జేబులో పడేసుకుని మెట్లెక్కాడు. గాలికి గోపురం మూలుగుతోంది. కరెంటు ఆపమని పైనుంచి టార్చి ఊపాడు, ఆపాను. అప్పుడు మొత్తం చీకటి. సముద్రం వైపు ఏమీ కనబడలేదు, అల మోత వినిపించడం తప్ప. సలోమి నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా.

తర్వాత వాడు చెప్పాడు. తొమ్మిదోదాని అడుగున చిల్లు లేదు. నా కంట పడకుండా గుగ్గిలం కింద ఉండిపోయింది. వేడి గుగ్గిలం ఆవిరి, జోరున వచ్చిన చలి, లోపలంతా చెమట పట్టి నీళ్ళు నిలిచాయి. వాడు మేకుతో పొడిస్తే చెంచాడు నీళ్ళు ధారగా వాడి మణికట్టు మీదికి కారాయట. మూత తీసి, తుడిచి, ఊది, గ్రీజు రాసి మళ్ళీ బిగించి టార్చి ఊపాడు. నేను లైట్ల మీట వేశాను. నక్షత్రం నిండుగా వెలిగింది. వాడు కిందికి దిగకుండా ఆఖరి పడవ వచ్చేదాకా ఆ పెట్టె పక్కనే నిచ్చెన పట్టుకుని ఉండిపోయాడు.

అయిదుంపావుకి మొదటి పడవ మొగలోకి వచ్చింది. అరగంటకి రెండోది. ఆరింటికి దానియేలు పడవ. దిగినవాళ్ళను లెక్కపెట్టాం, పదిహేడు. దీపం మీద నక్షత్రం గీత గీసినట్టు కనిపించిందక్కా, ఈ యేడు అంత చక్కగా ఎప్పుడూ కనిపించలేదు అన్నాడు దానియేలు, వణుకుతూ. సలోమి అతన్ని గుడ్డతో తుడుస్తోంది. నా వైపు చూసింది.

నేను నోరు తెరిచేలోగా తిమోతి వచ్చాడు. చేతుల నిండా గుగ్గిలం. దానియేలు ముందు నిలబడి, మీ అమ్మ ఇంటి మీద పడ్డ వాన నేను తోసిందే అన్నాడు. గాలి ఎటు వీస్తుందో లెక్కలో వేసుకోలేదన్నాడు. తెలిశాక కూడా రెండు వారాలు ఆగానన్నాడు. క్షమించమని అడగలేదు. అడగడానికి మొహం లేదన్నాడు. దానియేలు తడి గుడ్డ భుజాన వేసుకున్నాడు. సలోమిని తీసుకుని బడి మేడకి పిల్లల దగ్గరికి వెళ్ళిపోయాడు.

కంపెనీ వాళ్ళకి తిమోతి ఆ రాత్రే కబురు పెట్టాడు, రావద్దని. మర్నాడు మధ్యాహ్నం వాన తగ్గాక గోపురమెక్కి తీగ విప్పాడు. నేను కింద నిలబడి చుట్ట చుట్టాను. నీళ్ళు ఎటు పోవాలో తెలిసేదాకా మళ్ళీ కట్టనన్నాడు. సరే, తెలుసుకో, నేనున్నాగా అన్నాను. మిగతా యాభై పెట్టెలూ విప్పి ఒక్కోదాని అడుగున చిల్లు పెట్టడం మొదలెట్టాం. క్రిస్మస్‌కి అన్నీ వెలగాలి.

ముప్పయ్యో పెట్టె దగ్గరున్నాం. దానియేలు గమేళా, పార పట్టుకుని చర్చి పెరట్లోకి వచ్చాడు. మేము పని ఆపాం. దీనమ్మ సమాధి కుంగింది. రాత్రి వానకి దిబ్బ అంతా దిగి, మధ్యలో గుంట పడి, అందులో నీళ్ళు నిలిచి ఉన్నాయి. దానియేలు గుంట వైపు చూసి, మా వైపు తిరిగాడు.

"ఏం చూత్తన్నావు తిమోతీ? మట్టి మోయాలి, రా."

తిమోతి మేకు కింద పెట్టి వెళ్ళాడు. ఇద్దరూ ఏటి గట్టు నుంచి పద్దెనిమిది గమేళాల మట్టి మోశారు. దిబ్బ సమం చేశాక గోడకి ఆనించి ఉన్న సిలువ చెరోవైపు పట్టుకుని తెచ్చి నిలబెట్టారు. దానియేలు పాదు తొక్కుతుంటే తిమోతి నిలువు చూసి పట్టుకున్నాడు. తర్వాత వంగి, వాన నీళ్ళు నిలవకుండా సిలువ పాదం దగ్గర నుంచి కాలవ దాకా వేలితో చిన్న దారి తీశాడు.